సోమవారం పొద్దున స్టార్ట్ కాని వ్యాన్: ఒకే డైనమో, రెండు బ్యాటరీలు

క్యారవాన్లు, ఫుడ్ ట్రక్కులు, ఊరూరా తిరిగే క్లినిక్ వ్యాన్లు బెంగళూరులో బాగా పెరిగాయి. వీటిలో ఇంజన్ బ్యాటరీ కాక లోపలి సామాను కోసం ఇంకో బ్యాటరీ ఉంటుంది. రెంటినీ నింపే భారం మాత్రం బానెట్ కింద ఉన్న ఒక్క డైనమో మీదే పడుతుంది. ఆ ఏర్పాటు ఎక్కడ తప్పుతుందో మొదటి నుంచి చివరి దాకా ఒకే బండిలో కనిపించిన కేసు ఇది. ఈ పని చేసేవాళ్లకు, చేయించుకునేవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. సంస్థ పేరు, బండి తయారీదారు, సామాను కంపెనీలు, తేదీలు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు మార్చాను.

బండి, దాని పని

ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే కంటి పరీక్షల వ్యాన్ ఇది. రాత్రి బెంగళూరులో ఉంటుంది, పగలు కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల పల్లెలకు పోతుంది. బాగేపల్లి చుట్టుపక్కల ఊళ్లలో తెలుగే నడుస్తుంది కాబట్టి డ్రైవరు, సహాయకులు తెలుగువాళ్లే.

12 వోల్టుల డీజిల్ ఇంజన్, 90 ఆంపుల డైనమో, 100 ఏహెచ్ (ఆంప్-అవర్లు, అంటే ఆంపులను గంటలతో గుణించిన నిల్వ) మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ. బండ్ల పొగకు హద్దు పెట్టే బీఎస్-6 నిబంధనలు దేశమంతా 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చాయి. ఈ వ్యాన్ అంతకు ముందుది, అంటే డైనమో వోల్టేజిని లోపలి రెగ్యులేటరే 14.2 దగ్గర స్థిరంగా పట్టి ఉంచుతుంది.

వెనక క్లినిక్‌లో కంటి పరీక్ష యంత్రాలు, ల్యాప్‌టాప్, ప్రింటర్, ఫ్యాన్లు, ఎల్‌ఈడీ లైట్లు ఉన్నాయి. చల్లగా ఉంచాల్సిన చుక్కల మందుల కోసం చిన్న ఫ్రిజ్ ఉంది, అది రాత్రీ పగలూ నడవాలి. వీటికోసం బాడీ కట్టినవాళ్లు మొదట ఇంటి ఇన్వర్టర్లకు వాడే ట్యూబులర్ బ్యాటరీ ఒకటి పెట్టారు, అదీ లెడ్ యాసిడ్ రకమే. ఇంజన్ బ్యాటరీకీ దానికీ మధ్య వోల్టేజి చూసి కలిపే రిలే, అంటే తనంతట తానే పనిచేసే స్విచ్, బిగించారు. ఇది ఇంజన్ వైపు వోల్టేజి 13.3 దాటితే రెండు బ్యాటరీలను కలుపుతుంది, 12.8కి పడితే విడదీస్తుంది. రెండు వైపులా లెడ్ యాసిడ్ ఉన్నప్పుడు ఇది మంచి ఏర్పాటే, నేనూ చాలా బండ్లకు వేస్తాను.

ఏడాది తిరిగేసరికి ట్యూబులర్ బ్యాటరీ బలం తగ్గింది. లెడ్ యాసిడ్ చివరి ఐదో వంతు నిండడానికి గంటలు పడుతుంది. రోజుకు మూడు నాలుగు గంటలే ఇంజన్ నడిచే బండిలో అది ఎప్పుడూ పూర్తిగా నిండదు, సగం నిండి ఉండిపోయే ప్లేట్లకు సల్ఫేట్ పడుతుంది. దాన్ని తీసేసి ఎవరో 200 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టారు. పాత రిలే, పాత వైర్లు అలాగే ఉంచారు. టెర్మినళ్లు సరిపోయాయి, ఛార్జింగ్ అవుతోంది, పని అయిపోయిందనుకున్నారు.

వచ్చిన ఫిర్యాదు

కోఆర్డినేటర్ మేడమ్ చెప్పింది ఒక్కటే: లిథియం పెట్టినప్పటి నుంచి డైనమోలు కాలిపోతున్నాయి. ఒకసారి రివైండింగ్ చేయించారు, తర్వాత కొత్తది వేయించారు, అదీ పోయేలా ఉంది. ఇంజన్ బ్యాటరీ కూడా మార్చారు. ఈసారి 150 ఆంపుల డైనమో వేయించుకోమని ఇంకో షాపులో చెప్పారట, దానికి కొటేషన్ కోసం నా దగ్గరికి వచ్చారు.

అసలు ఆధారం డ్రైవర్ మాటల్లో దొరికింది. "అన్నా, సోమవారం పొద్దున్నే సెల్ఫ్ తీసుకోదు. మిగతా దినాలు బాగానే ఉండాది. ట్రాఫిక్‌లో నిలబడితే కాలిన వాసన వస్తాది. ఒక్కోసారి వెనక సీటు కింద టక్ టక్ అంటా కొట్టుకుంటాది."

సోమవారం మొండికేయడం, ట్రాఫిక్‌లో వాసన, సీటు కింద చప్పుడు. మూడూ వేర్వేరు జబ్బులని పాత మెకానిక్కులు వేర్వేరు వస్తువులు మార్చారు. ఒకే బండిలో ఒకే మార్పు తర్వాత మూడు తేడాలు మొదలైతే, ముందు ఆ మార్పు దగ్గరే వెతకడం నా అలవాటు. కొటేషన్ ఇవ్వకుండా బండిని ఉంచుకున్నాను.

కొలతలు

తీసేసిన పాత డైనమోను వాళ్లు పారేయలేదు, అదృష్టం. విప్పి చూశాను. స్టేటర్ (డైనమోలో తిరగని భాగం) రాగి చుట్టలు మూడు ఫేజులూ ఒకే తీరుగా నల్లబడ్డాయి, వార్నిష్ గోటితో గీరితే పొడి పొడిగా రాలింది. కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ల ప్లేట్ మీద సీసం కరిగి జారింది. డయోడ్ ఒకటి షార్ట్ అయి మొదలైన తేడా అయితే సాధారణంగా ఒకటి రెండు ఫేజులే కాలి మిగతాది కాస్త రంగుతో ఉంటుంది. చుట్టూ సమానంగా కాలిందంటే అది మోయలేనంత బరువును, అంటే కరెంటును, చాలాసేపు మోసిందని అర్థం. డైనమో నాసిరకం కాదని అక్కడే తేలింది. 150 ఆంపులది వేసినా ఇదే గతి పట్టొచ్చన్న అనుమానమూ అక్కడే మొదలైంది.

తర్వాత ఇప్పుడున్న డైనమో మీద కొలిచాను. లిథియం 40 శాతం నిండి ఉన్నప్పుడు, చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసి నిమిషానికి 2000 చుట్లకు పెట్టి, వైరును తెంపకుండా కరెంటు కొలిచే డీసీ క్లాంప్ మీటరును లిథియంకు పోయే వైరుకు తగిలించాను: 72 ఆంపులు. బండి సొంత అవసరాలు కలిపితే డైనమో దాదాపు పూర్తి సామర్థ్యం మీద ఉంది. లెడ్ యాసిడ్ నిండేకొద్దీ కరెంటు తనంతట తానే తగ్గించుకుంటుంది. లిథియం లోపలి నిరోధం చాలా తక్కువ, నిండే దాకా అది లాగే కరెంటు తగ్గదు. ఇసుకనేల నీళ్లు తాగినట్టు, ఎంత వదిలితే అంత తాగేస్తుంది.

డైనమో మీద రాసిన 90 ఆంపుల అంకె ఎక్కడిదో కూడా చెప్పాలి. అది చల్లటి గాలిలో, డైనమో నిమిషానికి 6000 చుట్లు తిరుగుతున్నప్పటిది. ఈ ఇంజన్ ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, 750 చుట్లు, పుల్లీ లెక్కన డైనమో 2000కు కాస్త తక్కువ. ఆ వేగంలో కరెంటు సగానికి పడిపోతుంది. దాని ఫ్యానూ అదే షాఫ్ట్ మీద ఉంది కాబట్టి చల్లదనమూ పడిపోతుంది. పైగా రాగి వేడెక్కితే నిరోధం పెరుగుతుంది. 25 డిగ్రీల నుంచి 105కు పోతే దాదాపు 30 శాతం ఎక్కువ. వేడి వల్ల నష్టం, నష్టం వల్ల ఇంకా వేడి.

అందుకని బండిని ఐడిల్‌లోనే వదిలి, బానెట్ మూసి, అరగంట దగ్గర ఆగి కొలిచాను. మెరిసే అల్యూమినియం మీద ఇన్‌ఫ్రారెడ్ గన్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. సైలెన్సర్లకు వేసే నల్లటి పెయింట్ చుక్క డైనమో వెనక మూత మీద పెట్టి, ఆ చుక్క మీద కొలవాలి. 112 డిగ్రీలు వచ్చింది. అది పైమూత, లోపల చుట్టల వేడి ఇంకా పైన ఉంటుంది. ఆ వేడిలో డైనమో మొత్తం ఇస్తున్నది 42 ఆంపులు, బండి లైనులో వోల్టేజి 13.1. బండికే 22 ఆంపులు కావాలి. లిథియంకు మిగిలేది 20, అది మాత్రం 70కి పైగా తీసుకోగలదు. అంటే ట్రాఫిక్‌లో ఉన్నంతసేపూ డైనమో తన ఆఖరి బొట్టు దాకా పిండుకుంటూనే ఉంటుంది. రెగ్యులేటర్ దాన్ని ఆపదు. వోల్టేజి 14.2కు చేరకపోతే ఇంకా ఇవ్వమనే చెప్తుంది, వేడి సంగతి దానికి తెలియదు.

కోలారు నుంచి సాయంత్రం తిరిగొచ్చే బండి టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఎంతసేపు పాకుతుందో బెంగళూరువాళ్లకు చెప్పక్కర్లేదు. హైవే మీద కాలని డైనమో ఊళ్లోకి వచ్చాక కాలుతోంది.

టక్ టక్ చప్పుడు కథ రిలే విప్పితే తెలిసింది. లిథియం బాగా ఖాళీ అయిన రోజు రిలే కలవగానే ఐడిల్‌లో వోల్టేజి 12.8 కిందికి జారుతుంది, రిలే విడిపోతుంది. బరువు తగ్గగానే వోల్టేజి లేస్తుంది, మళ్లీ కలుస్తుంది. ఇలా పెద్ద కరెంటును తెంపి తెంపి కాంటాక్టుల మీద గుంటలు పడ్డాయి, చివరికి అతుక్కుపోయాయి. రిలేను నడిపే కాయిల్ వైరు నేను పీకేసినా రిలే రెండు చివరల మధ్య మీటరు సున్నా ఓములు చూపిస్తోంది. బయట పెట్టెకు చిన్న మచ్చ కూడా లేదు. సూచిక దీపం మామూలుగానే వెలిగి ఆరుతోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

దాంతో సోమవారం చిక్కుముడి వీడింది. శనివారం సాయంత్రం బండి షెడ్డుకు వచ్చేసరికి లిథియం సగం దగ్గర ఉంటుంది, అంటే 100 ఏహెచ్. ఫ్రిజ్ సగటున 2.5 ఆంపులు, ఊరికే ఆన్‌లో ఉన్న ఇన్వర్టర్ ఒక ఆంపు. శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటి దాకా 36 గంటలకు 126 ఏహెచ్. అతుక్కుపోయిన రిలే వల్ల రెండు బ్యాటరీలూ కలిసే ఉన్నాయి. మొదట లిథియం వోల్టేజి ఎక్కువ కాబట్టి అదే మొత్తం మోస్తుంది. ఖాళీ కాగానే దాని లోపలి రక్షణ బోర్డు, మేము బీఎంఎస్ అంటాం, లిథియంను తెంచేస్తుంది. అప్పటి నుంచి ఫ్రిజ్‌ను, ఇన్వర్టర్‌ను మోసేది ఇంజన్ బ్యాటరీ ఒక్కటే. మామూలు రోజుల్లో రాత్రి పన్నెండు గంటలే కాబట్టి అంతదూరం పోదు, ఆదివారం మధ్యలో వస్తేనే పోతుంది.

ఇంకో మాట. రిలే అతుక్కోకపోయినా ఈ జత సరైనది కాదు. లిథియం ఊరికే ఉన్నా 13.2, 13.3 వోల్టుల దగ్గర నిలబడుతుంది. రెండు వైపులా చూసే రిలే అయితే ఇంజన్ ఆపినా 12.8కి పడేది ఎప్పుడు? లిథియం దాదాపు అడుగంటాకే. లెడ్ యాసిడ్ కోసం పెట్టిన అంకెలు ఇక్కడ కాపలా కాయవు.

వైర్లు, ఫ్యూజులు

చూస్తూ చూస్తూ దీన్ని వదల్లేకపోయాను, ఇది డైనమో కన్నా ప్రమాదకరం. ఇంజన్ బ్యాటరీ దగ్గర ఒక ఫ్యూజు ఉంది, లిథియం చివర ఏమీ లేదు. రెండు బ్యాటరీల మధ్య వైరుకు రెండు చివరలూ సరఫరా చివరలే. మధ్యలో ఎక్కడ ఒరుసుకుని బాడీకి తగిలినా ముందువైపు ఫ్యూజు కొట్టేస్తుంది, వెనక నుంచి లిథియం పోస్తూనే ఉంటుంది. రోగులను కూర్చోబెట్టే సీటు కింద, కార్పెట్ కింద నుంచి పోయే వైరు అది. ఒకచోట నేల రేకు అంచున ఇన్సులేషన్ నొక్కుకుని మెత్తబడి ఉంది, లోపలి రాగి ఇంకా బయటపడలేదు.

ఎర్త్ సంగతీ అంతే. వెనక బ్యాటరీ నెగటివ్‌ను పెయింట్ గీకకుండా నేల రేకుకు ఒక స్క్రూతో బిగించారు. 60 ఆంపులు పోతున్నప్పుడు ఆ ఒక్క అతుకు దగ్గరే 0.6 వోల్టు పోతోంది, అంటే 36 వాట్లు ఒక స్క్రూ తలలో వేడిగా మారుతోంది. మిగతా ఏ నిర్ణయం తీసుకున్నా తీసుకోకపోయినా ఆ వైరు, ఆ ఎర్త్ ఆరోజే విప్పేశాను. ఛార్జింగ్ లేకపోయినా పర్వాలేదు, ఆ స్థితిలో బండి బయటికి పోకూడదని మేడమ్‌కు చెప్పాను. ఒప్పుకున్నారు.

ఏ దారి, ఎందుకు

పెద్ద డైనమో ఎందుకు వద్దన్నానంటే, 150 ఆంపులది పెడితే లిథియం ఆ మేరకు ఎక్కువ లాగుతుంది. లాగే దానికి హద్దు లేనప్పుడు ఇచ్చేదాన్ని పెంచితే కాలేది ఇంకా పెద్ద డైనమో. బెల్టు, బ్రాకెట్ మార్చాలి. పైగా పెద్ద డైనమో కూడా వేడి ఐడిల్‌లో తన అంకెకు చాలా కిందే ఉంటుంది.

ట్యూబులర్‌కు తిరిగి పోదామా అని నిజంగానే ఆలోచించాను. డైనమోకు అదే క్షేమం, ఖర్చూ తక్కువ. కానీ ఛార్జింగ్‌లో దాని నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. తలుపులు మూసి, చీకటి చేసి కళ్లు చూసే గది అది, బ్యాటరీ ఉన్నది సీటు కింద. బయటికి గొట్టం పెట్టి గాలి పంపొచ్చు గానీ, ముందు చెప్పిన సల్ఫేట్ సమస్య ఎలాగూ తీరదు.

మూడోది సన్నటి, పొడవాటి వైరు. దాని నిరోధమే కరెంటును ఆపుతుందని కొందరు వేస్తారు. మేడమ్ ఖర్చు గురించి అడిగారు కాబట్టి, రెండు చివరలా ఫ్యూజులతో, షాపు ముందే పరీక్షించాను. 6 స్క్వేర్ ఎంఎం రాగి, పోను రాను 12 మీటర్లు, దాదాపు 0.034 ఓము. వేడి విషయంలో ఇది నేననుకున్నదానికన్నా బాగా పనిచేసింది, ఐడిల్‌లో పది ఆంపులు దాటలేదు. అయినా పక్కన పెట్టాను. ఇది కరెంటుకు గట్టి హద్దు పెట్టదు, వోల్టేజి తేడాను బట్టి కరెంటు మారిపోతుంది. లిథియం సగం ఉన్నప్పుడు 20 చిల్లర ఆంపులు పోతే, అడుగంటినప్పుడు, బండి హైవే మీద ఉంటే, 40కి ఎగబాకుతుంది. ఏ రోజు కాపాడాలో ఆ రోజే తడబడుతుంది. ఆ 40 ఆంపుల దగ్గర వైరు పొడవునా 50 వాట్ల పైన వేడి, కార్పెట్ కింద. ఊళ్లోకి వచ్చాక ఛార్జింగ్ దాదాపు ఉండదు. రాత్రిపూట రెంటినీ విడదీయడానికి మళ్లీ రిలే కావాలి.

డయోడ్ ఐసొలేటర్ అడిగేవాళ్లూ ఉంటారు. సిలికాన్ డయోడ్ 0.6, 0.7 వోల్టు తినేస్తుంది, బ్యాటరీలు ఒకదాన్నొకటి ఖాళీ చేసుకోకుండా ఆపుతుంది. కరెంటుకు హద్దు మాత్రం పెట్టదు. ఇక్కడి జబ్బు హద్దు లేకపోవడమే.

మిగిలింది డీసీ-డీసీ ఛార్జర్. డైనమో వైపు నుంచి మనం చెప్పినంతే తీసుకుంటుంది, లిథియంకు కావలసిన వోల్టేజిలో ఇస్తుంది, ఇంజన్ ఆగితే తెగిపోతుంది. బజారులో 30, 40, 60 ఆంపులవి దొరుకుతాయి. ఎంతది కావాలన్న దగ్గరే చాలామంది బ్యాటరీ సైజు చూసి పెద్దది కొంటారు. నేను డైనమో వైపు నుంచి, అదీ దాని అధ్వానమైన గంట నుంచి లెక్క మొదలుపెట్టాను. వేడి ఐడిల్‌లో 42 ఆంపులు, బండికి 22, మిగులు 20. లిథియం వైపు 18 ఆంపులు, 13.4 వోల్టులు అంటే 241 వాట్లు. ఛార్జర్ సామర్థ్యం 90 శాతం అనుకుంటే లోపలికి 268 వాట్లు, అంటే 13.6 వోల్టుల దగ్గర 20 ఆంపులకు కాస్త తక్కువ. సరిగ్గా మిగులంత. కాబట్టి 18 ఆంపులు. కరెంటును మార్చుకునే వీలున్న 30 ఆంపుల ఛార్జర్ తెప్పించి 18కి కట్టేశాను. పెద్దదాన్ని తగ్గించి నడిపితే అదీ చల్లగా ఉంటుంది.

"అంత తక్కువైతే మా పని నడుస్తుందా?" అని మేడమ్ అడిగారు. సరైన ప్రశ్న. కాగితం మీద ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. శిబిరం ఆరు గంటలకు 78 ఏహెచ్, ఫ్రిజ్ రోజంతా 60, మొత్తం 138. నాలుగు గంటల ప్రయాణంలో 18 ఆంపుల లెక్కన 72. ఇంకా 66 కావాలి. డైనమో మీద పెట్టుకున్న ఆశే ఎక్కువని ఆ కాగితం మీద తెలిసిపోయింది. బండి రాత్రి నిలబడే షెడ్డు గోడకు 15 ఆంపుల ప్లగ్గు ఉంది, ఇన్నాళ్లూ అందులో నీళ్ల మోటారు తప్ప ఏదీ పెట్టలేదు. లిథియంకు తగిన 20 ఆంపుల మెయిన్స్ ఛార్జర్ ఒకటి పెడితే నాలుగు గంటల్లోపే ఆ లోటు తీరుతుంది, ఆదివారం ఫ్రిజ్ బాధ్యతా అదే చూసుకుంటుంది. నిజానికి సగం సమస్యను ఆ ప్లగ్గే తీర్చింది.

బిగించిన తీరు

ఛార్జర్‌ను లిథియం పక్కనే, రేకు మీద నిలువుగా, చుట్టూ గాలి ఆడేలా పెట్టాను. ఇంజన్ దగ్గర పెడితే వేడికి తన పని తగ్గించుకుంటుంది. లిథియం దగ్గర ఉంటే పొడవాటి వైరులో పడే వోల్టేజిని కూడా అదే సర్దుకుంటుంది. 16 స్క్వేర్ ఎంఎం వైరు, పోను రాను 12 మీటర్లకు 20 ఆంపుల దగ్గర పావు వోల్టు పోతుంది, చాలు. రిటర్నుకు బాడీని నమ్మకుండా నెగటివ్‌కూ అదే వైరు వేశాను.

ఇంజన్ బ్యాటరీ టెర్మినల్‌కు జానెడు దూరంలోపే 40 ఆంపుల ఫ్యూజు, ఛార్జర్ నుంచి లిథియంకు పోయే వైరుకు లిథియం చివర 30 ఆంపులది. ఇన్వర్టర్‌కు పోయే లావు వైరుకు లిథియం పక్కనే 150 ఆంపుల ఫ్యూజు. ఇక్కడ షార్ట్ కరెంటు వేల ఆంపుల్లోకి పోగలదు, కాబట్టి అంత కరెంటును తెంపగల టీ క్లాస్ ఫ్యూజే వాడాలి. మామూలు బ్లేడు ఫ్యూజు కరిగినా మధ్యలో మంట నిలబడిపోవచ్చు. రేకు దాటే ప్రతి చోటా రబ్బరు గ్రొమెట్, కార్పెట్ కింద కాక పక్క గోడ వెంబడి గొట్టంలో.

ఇగ్నిషన్ వైరు ఇచ్చాను, తాళం తీస్తే ఛార్జర్ ఆగాలి. తాళం ఆన్‌లో ఉండి ఇంజన్ నడవకపోతే ఎలా అని, లోపలికి వచ్చే వోల్టేజి 12.9 కిందికి పోతే ఆగి 13.3 దాటితేనే మొదలయ్యేలా పెట్టాను. బీఎస్-6 బండ్లలో ఈ అంకెలు ఇలాగే పెట్టకండి. చాలావాటిలో డైనమోను ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, నడుపుతుంది, అవసరం లేదనుకున్నప్పుడు వోల్టేజిని 12.5 దాకా దించేస్తుంది, బ్రేకు మీద 15 దాకా లేపుతుంది. వోల్టేజి చూసి నిర్ణయించే సామాను అక్కడ గందరగోళపడుతుంది. ఇంజన్ నడుస్తోందని చెప్పే నమ్మకమైన సిగ్నలే ఇవ్వాలి.

లిథియం ఛార్జింగ్‌ను 14.6 దాకా పోనివ్వకుండా 14.2 దగ్గర ఆపాను. కాస్త తక్కువ నిండుతుంది, బ్యాటరీ ఎక్కువ కాలం ఉంటుంది. సున్నా డిగ్రీల కింద లిథియంను ఛార్జ్ చేయకూడదు, బెంగళూరులో ఆ బెంగ లేదు.

డ్రైవర్ ఒకటి అడిగాడు: ఇంజన్ బ్యాటరీ దిగిపోతే లిథియంతో స్టార్ట్ చేసేలా ఒక బటన్ పెట్టమని. పెట్టలేదు. డీజిల్ సెల్ఫ్ మోటారు మొదటి క్షణంలో కొన్ని వందల ఆంపులు లాగుతుంది. ఈ లిథియం బీఎంఎస్ అంత ఇవ్వదు, మధ్యలో తెంచేస్తుంది. కొత్తగా వేసిన వైర్లూ దానికి చాలవు. ఆ బటన్ పెడితే మళ్లీ రెండు బ్యాటరీల మధ్య అదుపు లేని దారి తెరిచినట్టే. బదులుగా చిన్న జంప్ స్టార్టర్ ఒకటి డ్యాష్‌బోర్డ్ అరలో పెట్టుకోమన్నాను.

రోడ్డు మీద

షాపు ముందు కొలిచి అప్పగించే పని కాదిది. సాయంత్రం డ్రైవర్ పక్కన కూర్చుని టిన్ ఫ్యాక్టరీ నుంచి సిల్క్ బోర్డ్ దాకా వెళ్లాను. క్లాంప్ మీటరు డైనమో వైరు మీదే ఉంచాను, మధ్యలో పక్కకు ఆపి బానెట్ ఎత్తి అదే నల్లచుక్క మీద వేడి చూశాను. 84 డిగ్రీలు, వోల్టేజి 13.7. వాసన లేదు.

మొదటి వారంలో ఫోన్ వచ్చింది. "అన్నా, వానలో ఛార్జర్ ఆగిపోతా ఉంది." హెడ్‌లైట్లు, వైపర్లు కలిస్తే పన్నెండు, పదిహేను ఆంపులు అదనం. ఆ సమయంలో మిగులు ఉండదు కాబట్టి ఛార్జర్ ఆగడం అది చేయాల్సిన పనే. ఆ మాట చెప్పి సరిపెట్టొచ్చు. కానీ ఆగుతున్న తీరు లెక్కకన్నా ఎక్కువగా ఉంది, బండిని మళ్లీ పిలిపించాను. ఇంజన్ నుంచి ఛాసిస్‌కు పోయే ఎర్త్ పట్టీ లగ్గు (చివర బోల్టు బిగించే లోహపు ముక్క) లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది, అక్కడ 0.3 వోల్టు పోతోంది. పట్టీ మార్చాక పెద్ద వానలో తప్ప ఛార్జర్ ఆగడం లేదు.

ఒక వానాకాలం దాటింది. డైనమో అదే, ఇంజన్ బ్యాటరీ అదే. సోమవారాలు బండి మామూలుగా బయల్దేరుతోంది. శిబిరం మధ్యలో పరీక్ష యంత్రం ఆగిపోయి వచ్చినవాళ్లను వెనక్కి పంపాల్సి రాలేదని మేడమ్ చెప్పారు.

ఇలాంటి పని చేసేవాళ్లకు

బ్యాటరీ రకం మారితే ఛార్జింగ్ ఏర్పాటు కూడా మారాలి. టెర్మినళ్లు సరిపోవడం దానికి గుర్తు కాదు. లిథియం అమ్మేవాళ్లు ఈ మాట ముందే చెప్పాలని నా గట్టి అభిప్రాయం. అన్నిటికన్నా ఖరీదైన వస్తువు అదే, దాని ధరలో చిన్న భాగమయ్యే ఛార్జర్ లేక మిగతావన్నీ కాలుతున్నాయి.

ఛార్జర్ సైజు ఎంచుకునే ముందు వేడెక్కిన ఐడిల్‌లో డైనమో ఎంత ఇస్తుందో, బండి ఎంత వాడుకుంటుందో రెండు అంకెలు చేతిలో ఉండాలి. పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజన్‌ను రేస్ చేసి కొలిస్తే ఏ డైనమో అయినా బాగానే కనిపిస్తుంది. రిలే ఉన్న బండి వస్తే కాయిల్ వైరు పీకి కాంటాక్టులు నిజంగా విడిపోయాయో లేదో మీటరుతో చూడండి, దీపాన్ని నమ్మవద్దు. వాడకం లెక్క వేయకుండా ఛార్జర్ బిగించవద్దు. ఆ లెక్కలో గోడ ప్లగ్గు, పైకప్పు సోలార్ లాంటివి ముందే రావాలి, డైనమో మిగతాది చూసుకుంటుంది.

ఈ వ్యాన్‌కు సంబంధించి ఇంకా చూడాల్సింది ఒకటుంది. పల్లె దారుల కుదుపుకు లగ్గుల బోల్టులు వదులవుతాయి. ప్రతి సర్వీసులో వాటిని బిగించి, కరెంటు బాగా పోతున్నప్పుడు ప్రతి అతుకు దగ్గరా ఎంత వోల్టు పోతోందో కొలిచి రాయమని ఒక కాగితం ఫ్యూజు పెట్టె మూత లోపల అంటించాను. ఏ అతుకు దగ్గరైనా 0.1 వోల్టు దాటితే విప్పి శుభ్రం చేయాలి.